పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళ ఆదివారం క్లాసు (విజయనగరం): తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోన్ చేసినవాళ్ళందరూ ఇంచుమించు ఇవే అడుగుతున్నారు. చెప్పిందే చెప్పి మా గొంతు పోతోంది, అందుకే ఒకచోట రాసి పెట్టాం. వరసగా చదవక్కర్లేదు, మీ ప్రశ్న ఎక్కడుందో చూసుకుని అదొక్కటే చదువుకోండి. రాసింది డాక్టర్లు కాదు, ఇంట్లో ఈ జబ్బు ఉన్నవాళ్ళం. మందుల డోసు సంగతి మాత్రం మీ న్యూరో డాక్టరు గారినే అడగండి.

## రావాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్ళు

అసలు అక్కడ ఏం చేయిస్తారు? యోగా క్లాసా, ఫిజియోథెరపీయా?

రెండూ కొంచెం కొంచెం ఉంటాయి. ముందు కుర్చీల్లో కూర్చునే భుజాలు, మెడ, నడుము వదులు చేసుకుంటాం. తరవాత చేతులు బాగా బారజాపి, అడుగులు పెద్దవి వేసి చేసే కదలికలు ఫిజియో అమ్మాయి చేయిస్తుంది. ఆపైన మన తప్పెటగుళ్ళు. నెల్లిమర్ల వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి తప్పెట కొడతాడు, దెబ్బకో అడుగు చొప్పున హాలు చుట్టూ తిరుగుతాం. పాట లేకుండా రెండడుగులు వెయ్యడానికి తడుముకునే మనిషి తప్పెట మొదలయ్యేసరికి చకచకా నడిచేయడం చూస్తే కొత్తవాళ్ళు నోరెళ్ళబెడతారు. ఇందులో మాయేమీ లేదు. నడకకి లోపల ఉండాల్సిన తాళం ఈ జబ్బులో దెబ్బతింటుంది, బయటి నుంచి తాళం అందితే మెదడు దాన్ని పట్టుకుని నడిపించేస్తుంది. అమెరికాలో బ్రూక్లిన్‌లోని ఒక డాన్స్ బృందం 2001 నుంచి పార్కిన్సన్స్ వాళ్ళకి డాన్స్ క్లాసులు నడుపుతోంది. సంగీత కళాశాల ఉన్న ఊళ్ళో ఉండి మనం కుర్చీలకి అతుక్కుపోవడం ఏం బాగుంటుంది? చివర్లో గొంతు సాధన, టీ, కబుర్లు. టీ దగ్గర దొరికే కబుర్ల కోసమే వచ్చేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళని తప్పు పట్టం.

క్లాసుకి వస్తే జబ్బు తగ్గిపోతుందా?

తగ్గదు. మెదడులో డోపమైన్ (కదలికల్ని నడిపించే రసాయనం) తయారుచేసే కణాలు మెల్లమెల్లగా పోవడం వల్ల వచ్చే జబ్బు ఇది, పోయిన కణాల్ని తిరిగి తెచ్చే మందు ఇంకా లేదు. వ్యాయామం వల్ల నడక, నిలకడ, ఓపిక, నిద్ర, మూడ్ మెరుగవుతాయి. తై చీ (చైనావాళ్ళ నెమ్మది కసరత్తు) చేసినవాళ్ళకి నిలకడ బాగుపడిందని, పడిపోవడం తగ్గిందని 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన చెప్పింది. మాత్రలు మానేసి క్లాసుకి వస్తానంటే మాత్రం మేమే వద్దంటాం.

రోజూ కోట చుట్టూ వాకింగ్ చేస్తున్నాను, మళ్ళీ ఇదెందుకు?

వాకింగ్ మానకండి. వారానికి 150 నిమిషాల వ్యాయామం ఉండాలని నిపుణులు చెబుతారు, ఆ లెక్కలో మీ వాకింగ్ కూడా వస్తుంది. చిక్కేమిటంటే, ఈ జబ్బులో అడుగు చిన్నదైపోయినా మనిషికి తెలియదు, తను మామూలుగానే నడుస్తున్నాననుకుంటాడు. ఒక చెయ్యి ఊగడం మానేస్తుంది, నడుము ముందుకి వంగుతుంది, ఇవి పక్కవాళ్ళకి కనిపిస్తాయి గానీ మనకి కనిపించవు. పైగా నడక ఒక్కటే సరిపోదు, నిలకడకి, కండబలానికి, కీళ్ళ బిగుతుకి వేరే కసరత్తులు కావాలి.

నాన్నగారికి ఇంకా బాగానే ఉంది, కుడి చెయ్యి ఒక్కటే వణుకుతోంది. ముదిరాక తీసుకొస్తే సరిపోదా?

సరిపోదు. ఇప్పుడే తీసుకురండి. మాకున్న పెద్ద బాధ ఇదే, చాలామంది వీల్‌చైర్ దాకా వచ్చాకే ఫోన్ చేస్తారు. పెద్ద అడుగు వెయ్యడం, జాగ్రత్తగా తిరగడం, గొంతెత్తి మాట్లాడటం లాంటివి శరీరం మాట వింటున్నప్పుడే నేర్చుకుంటే అలవాటుగా నిలబడతాయి. మొదట్లో వచ్చినవాళ్ళు క్లాసులో మిగతావాళ్ళకి సాయం కూడా చేస్తారు, అది వాళ్ళకీ మంచిది.

చెయ్యి వణికితే పార్కిన్సన్సేనా?

కాదు. చెయ్యి ఒళ్ళో ఊరికే పెట్టుకున్నప్పుడు వణికి, పని చేసేటప్పుడు తగ్గితే పార్కిన్సన్స్ అనుమానం ఎక్కువ. టీ గ్లాసు ఎత్తినప్పుడో సంతకం పెట్టినప్పుడో మాత్రమే వణికితే అది వేరే రకం వణుకు కావచ్చు. కొన్ని మందుల వల్ల కూడా వణుకు వస్తుంది, తల తిరగడానికి వాడే సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ అందులోవే. అసలు వణుకే లేని పార్కిన్సన్స్ కూడా ఉంది, అక్షరాలు రానురాను చిన్నవైపోవడం, భుజం పట్టేయడం, వాసన తెలియకపోవడం, మలబద్ధకం, ముఖంలో కదలిక తగ్గడం దానికి గుర్తులు. తేల్చాల్సింది న్యూరాలజిస్టే.

నాకు 44 ఏళ్ళు. అక్కడ అందరూ పెద్దవాళ్ళే కదా, నేనేం చేయాలి?

ఎక్కువమంది అరవై దాటినవాళ్ళే, నిజం. 50 లోపు వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఉద్యోగం, పిల్లల చదువులు, ఈఎంఐలు, వీటి టెన్షన్ మీది, పెద్దవాళ్ళకి అర్థం కాదు, అందుకే చిన్నవాళ్ళు క్లాసయ్యాక విడిగా కూర్చుంటారు. కసరత్తు కూడా మీకు గట్టిగానే ఇస్తారు. అమెరికాలో 2006 నుంచి పార్కిన్సన్స్ వాళ్ళకి బాక్సింగ్ నేర్పుతున్నారు, మనుషుల్ని కాదు, సంచిని కొట్టడమే. మా దగ్గర కూడా ఇసక సంచి ఒకటి వేలాడుతోంది.

నలుగురికీ తెలిసిపోతుందని మా మావయ్యగారు రానంటున్నారు. ఏం చెయ్యాలి?

బలవంతం చెయ్యకండి, ఒకసారి చూసి వెళ్ళిపొమ్మనండి. వెనక కుర్చీలో కూర్చుని చూసి ఏమీ మాట్లాడకుండా వెళ్ళినవాళ్ళే తరవాతి వారం మొదట వస్తారు. ఆయన భయంలో న్యాయం లేకపోలేదు. అడుగు తడబడి మాట ముద్దగా వస్తే పొద్దున్నే తాగాడని బస్సులో అనేసేవాళ్ళు ఉన్నారు, పెళ్ళిలో చెయ్యి వణికి పప్పు మీద ఒలికితే ఆ తరవాత ఏ పెళ్ళికీ వెళ్ళడు. ముఖంలో కండరాలు బిగుసుకుపోవడం వల్ల కోపంగా ఉన్నట్టు కనిపిస్తారు, చుట్టాలేమో ‘ఏటి, మాతో మాట్లాడటం మానేశాడు’ అనుకుంటారు. ఇక్కడికొస్తే అందరి చేతులూ వణుకుతూనే ఉంటాయి, ఎవరూ ఎవరినీ వింతగా చూడరు. ఇది అంటుకునే జబ్బు కాదని, ఎక్కువమందిలో వంశపారంపర్యంగా వచ్చేది కూడా కాదని ఇంట్లోవాళ్ళకి చెప్పండి. పెళ్ళీడు పిల్లలున్న ఇళ్ళల్లో అసలు భయం అక్కడే ఉంటుంది.

## మొదటిసారి వస్తున్నవాళ్ళు

క్లాసుకి ముందు మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?

మీ డాక్టరు రాసిన టైముకే వేసుకోండి, క్లాసు కోసం మార్చొద్దు. లెవోడోపా (మెదడులో డోపమైన్‌గా మారే మందు, ఈ జబ్బుకి ముఖ్యమైనది) మాత్ర పని మొదలుపెట్టడానికి సాధారణంగా అరగంట నుంచి గంట పడుతుంది. కొన్నేళ్ళు వాడాక దాని పట్టు కొద్ది గంటలే ఉంటుంది, పట్టు ఉన్నప్పుడు ‘ఆన్’, వదిలేశాక ‘ఆఫ్’ అంటాం. ఆఫ్‌లో ఉన్న మనిషి చేత కసరత్తు చేయిస్తే పడిపోతాడు, ఆపైన అవమానం. అందుకే ఎక్కువమంది ఆన్‌లో ఉండే సమయం అడిగి తెలుసుకుని మేమే క్లాసు టైము పెట్టుకున్నాం. మీ ఆన్ వేరే సమయంలో వస్తే చెప్పండి, ఆలస్యంగా వచ్చి చేరినా ఫరవాలేదు. ఒక మాత్ర జేబులో, ఒక చిన్న నీళ్ళ సీసా సంచిలో తప్పనిసరి. అట్ట మీద అంకె కూడా చూసుకోండి. సిండోపా 110 అంటే లెవోడోపా 100, కార్బిడోపా 10 మిల్లీగ్రాములు. 125, 275 వేరు. సీఆర్ (మందుని మెల్లగా వదిలే రకం) అని ఉన్నవి నలపకూడదు, నమలకూడదు. మందుల షాపులో ఒకటి లేదని ఇంకొకటి ఇస్తే తీసుకుని వచ్చేయకండి, ముందు డాక్టరుకి ఫోన్ చెయ్యండి.

టిఫిన్ తిని రావాలా, పరగడుపునా?

తినే రండి, కానీ మాత్రకి, తిండికి ఎడం ఉంచండి. మామూలుగా తిండికి అరగంట ముందో, తిన్న గంట తరవాతో మాత్ర వేసుకోమంటారు. పెసరట్టు, గుడ్డు, పాలు లాంటి మాంసకృత్తులు పేగుల్లో లెవోడోపాకి అడ్డుపడతాయి, కొందరికి దీనివల్లే పొద్దుటి మాత్ర పనిచేయనట్టు ఉంటుంది. అలాగని పప్పు, చేపలు మానేయకండి, ఒళ్ళు చిక్కిపోతుంది. ఎక్కువ భాగం రాత్రి భోజనంలోకి మార్చుకోవచ్చేమో డాక్టరుని అడగండి. ఐరన్ మాత్ర వేసుకుంటుంటే దాన్ని కూడా దూరం జరపాలి. వట్టి కడుపు మీద మాత్ర వికారం పుట్టిస్తే రెండు బిస్కెట్లు చాలు.

బట్టలు, చెప్పులు?

హవాయి చెప్పులు వద్దు. వెనక పట్టీ ఉన్నవి, అడుగు జారనివి వేసుకోండి. పంచె, చీర అయినా ఫరవాలేదు గానీ కుచ్చెళ్ళు నేలకి తగలకూడదు.

బొబ్బిలి నుంచి రావాలి, బస్సెక్కడం కష్టం. ఏం చెయ్యాలి?

60 దాటితే ఆర్టీసీలో 25 శాతం రాయితీ ఉంది, ఆధార్ దగ్గర ఉంచుకోండి. ఆడవాళ్ళకి 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్టుకి డబ్బులే అక్కర్లేదు. ఎక్కేటప్పుడు తోడు వచ్చినవాళ్ళు ముందెక్కి చెయ్యి పట్టుకుని లాగుతారు, అది తప్పు. వెనకే నిలబడి నడుము దగ్గర ఆసరా ఇవ్వాలి. కాంప్లెక్స్ దగ్గర ఆటో ఎక్కేటప్పుడు ముందు వెనక్కి తిరిగి సీటు మీద కూర్చోండి, ఆ తరవాత కాళ్ళు లోపలికి తీసుకోండి. సిరిమానోత్సవం వారం క్లాసు ఉండదు, ఆ జనంలో ఎవరూ రాలేరు.

తోడు మనిషి తప్పనిసరా?

పడిపోయే అలవాటు ఉంటే తప్పనిసరి, లేకపోతే మీ ఇష్టం. ఒక్క షరతు: తోడొచ్చినవాళ్ళు పక్కనే కూర్చుని ‘చెయ్యెత్తు నాన్నా, ఇంకా ఎత్తు’ అనకూడదు. బయట వరండాలో వాళ్ళకి వేరే కుర్చీలు వేశాం.

## కొన్నాళ్ళుగా వస్తున్నవాళ్ళు

నడుస్తూ నడుస్తూ కాళ్ళు నేలకి అతుక్కుపోతున్నాయి. గుమ్మం దగ్గర మరీనూ. ఎలా?

దీన్ని ఫ్రీజింగ్ అంటారు. గుమ్మాలు, ఇరుకు సందులు, మలుపులు, తొందరపెట్టే మనుషులు, వీటి దగ్గరే ఎక్కువ వస్తుంది. అప్పుడు చెయ్యకూడని పని, పక్కవాళ్ళు ముందుకి లాగడం. కాళ్ళు అక్కడే ఉండి ఒళ్ళు ముందుకి పడుతుంది. పూర్తిగా ఆగిపోండి. ఊపిరి పీల్చుకోండి. బరువు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి రెండు మూడుసార్లు మార్చండి, తరవాత ఒక పెద్ద అడుగు దాటేస్తున్నట్టు వెయ్యండి. ఎదురుగా దాటడానికి ఒక గీత ఉంటే ఇంకా తేలిక. మా హాల్లో ముగ్గుపిండితో అడ్డగీతలు గీస్తాం, అడుగుకి ఒకటి చొప్పున. నిన్న గుమ్మంలో నిలబడిపోయిన మనిషి ఆ గీతలు దాటుకుంటూ వెళ్ళిపోతాడు. మొన్నామధ్య ఒక అత్తగారు ఇంట్లో వంటగది నుంచి బాత్‌రూమ్ దాకా రంగు టేపు అంటించుకున్నారు, కోడలు మొదట గొణిగింది గానీ ఇప్పుడు టేపు ఊడితే తనే అంటిస్తోంది. తిరిగేటప్పుడు నిలబడ్డచోటే గిరుక్కున తిరగకండి, ఎద్దులబండి తిరిగినట్టు వెడల్పుగా తిరగండి. మాత్ర పట్టు వదిలినప్పుడే ఫ్రీజింగ్ వస్తోందా, ఆన్‌లో కూడా వస్తోందా అన్నది రాసుకుని డాక్టరుకి చూపించండి, రెండింటికీ వైద్యం వేరు.

ఫోన్లో ‘ఏంటీ, వినపడటం లేదు’ అంటున్నారు అందరూ. గొంతుకి ఏం చెయ్యాలి?

గొంతు తగ్గిందని మీకు తెలియదు, మీ చెవికి మామూలుగానే వినిపిస్తుంది. కాబట్టి ‘అరుస్తున్నానేమో’ అనిపించేంత గట్టిగా మాట్లాడితేనే ఎదుటివాళ్ళకి సరిగ్గా వినిపిస్తుంది. అమెరికాలో 1987లో మొదలైన ఎల్‌ఎస్‌వీటీ లౌడ్ అనే పద్ధతికి మూలం ఇదే. మా దగ్గర ‘ఆ...’ అని దమ్ము ఉన్నంతసేపు పలికిస్తాం, తరవాత పేపరు గట్టిగా చదివిస్తాం. అన్నిటికంటే బాగా పనికొచ్చేది నాటక పద్యం. మనవైపు అరవై దాటినవాళ్ళలో రెండు పద్యాలు రానివాళ్ళు అరుదు, హార్మోనియం శృతి అందేసరికి మాట పెగలనివాళ్ళు కూడా రాగం తీస్తారు. ఇంట్లో ఎవరూ విసుక్కోకూడదు, అంతే.

క్లాసులో బాగానే చేస్తారు, ఇంటికొచ్చాక మంచం దిగరు. బద్ధకమా?

బద్ధకం కాదు. కొత్త పని మొదలుపెట్టాలన్న ఉత్సాహం పుట్టాలన్నా డోపమైన్ కావాలి. దిగులు కూడా ఈ జబ్బులో భాగమే, దానికి మందులున్నాయి. ఇంట్లో కసరత్తు టైమును రోజూ జరిగే ఒక పనికి ముడిపెట్టండి, రేడియో వార్తలకో, పాలవాడు వచ్చే వేళకో.

ఒళ్ళంతా మెలికలు తిరుగుతోంది, జబ్బు పెరిగిందా?

చాలాసార్లు అది మందు ఎక్కువైనప్పుడు వచ్చేది, డిస్కినీషియా అంటారు. ఏ టైములో వస్తోందో ఫోన్లో వీడియో తీసి డాక్టరుకి చూపించండి. మీ అంతట మీరు మాత్ర తగ్గించకండి. లెవోడోపా ఉన్నట్టుండి ఆపేస్తే జ్వరం, బిగుతు వచ్చి ప్రాణం మీదకి రావచ్చు.

దూలగొండి గింజల పొడి వాడొచ్చా? ఎవరో నయమైపోతుందన్నారు.

నయమైపోదు. దూలగొండిలో నిజంగానే లెవోడోపా ఉంది, అందుకే కాస్త పనిచేస్తుంది, చిక్కు కూడా అందుకే. ఏ చెంచాలో ఎంత ఉందో ఎవరికీ తెలియదు. మాత్రలు వేసుకుంటూ దాన్ని కూడా తీసుకుంటే డబుల్ డోసు, బీపీ పడిపోవడం, మెలికలు, లేనివి కనపడటం, అన్నీ రావచ్చు. ఇప్పటికే వాడుతుంటే దాచకుండా డాక్టరుకి చెప్పండి. స్టెమ్ సెల్స్‌తో తగ్గిస్తామని లక్షలు అడిగేవాళ్ళ ఫోన్ నంబరు అయితే బ్లాక్ చేసేయండి.

వాంతులని ఆస్పత్రికి వెళ్తే ఇంజెక్షన్ చేశారు, ఒళ్ళు కొయ్యబారిపోయింది. ఎందుకు?

వాంతులకి ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్ డోపమైన్‌ని అడ్డుకుంటాయి. గాభరాగా ఉన్నవాళ్ళకి ఇచ్చే హాలోపెరిడాల్ కూడా అంతే. ఈ మూడు పేర్లు, ‘పార్కిన్సన్స్ ఉంది’ అన్న మాట, రోజువారీ మాత్రల టైములు ఒక కార్డు మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఆస్పత్రిలో చేరితే మాత్రలు మీవెంటే తీసుకెళ్ళండి, వార్డులో మందులిచ్చే టైము మీ టైముతో కలవదు.

ఎప్పుడూ లేనిది నాన్న పేకాటకి డబ్బు తగలేస్తున్నారు. దీనికీ జబ్బుకీ సంబంధం ఉందా?

ఉండొచ్చు. ప్రమిపెక్సోల్, రోపినిరోల్ అనే పార్కిన్సన్స్ మందులు వాడేవాళ్ళలో కొందరికి జూదం, విచ్చలవిడి ఖర్చు, కామవాంఛ అదుపు తప్పుతాయి. గొడవపడకండి, పరువు పోతుందని దాచకండి. డాక్టరు మందు మారిస్తే చాలామందికి తగ్గుతుంది.

## ఇంట్లో చూసుకునేవాళ్ళు

నీళ్ళు తాగితే పొలమారుతోంది. ఏం పెట్టాలి?

నీళ్ళు, టీ లాంటి పల్చటివే ముందు ఇబ్బంది పెడతాయి, చిక్కటి చోడి అంబలి సులువుగా దిగుతుంది. పడుకోబెట్టి పెట్టకండి, నిటారుగా కూర్చోబెట్టండి, గడ్డం కాస్త కిందికి ఉండాలి, చిన్న గుటక, మింగాకే రెండోది. టీవీ ఆపేయండి. దగ్గు రాకుండానే ఊపిరితిత్తుల్లోకి జారిపోయి న్యుమోనియా రావచ్చు కాబట్టి ఒకసారి స్పీచ్ థెరపిస్టుకి చూపించడం అవసరం.

రాత్రి నిద్దట్లో అరుస్తున్నారు, తంతున్నారు. దెయ్యం పట్టిందంటోంది మా అత్త.

దెయ్యం కాదు. కల వచ్చేటప్పుడు ఒళ్ళు కదలకుండా ఉండాలి, ఈ జబ్బులో ఆ కట్టు వదులవుతుంది, అందుకే కలలో చేసేది బయట చేసేస్తారు. కొందరికి వణుకు కంటే ఏళ్ళ ముందే ఇది మొదలవుతుంది. మంచం ఎత్తు తగ్గించండి, పక్కన గాజు సామాను ఉంచకండి, డాక్టరుకి చెప్పండి.

నాకే ఓపిక ఉండటం లేదు, అరిచేస్తున్నాను. నేను చెడ్డదాన్నా?

కాదు తల్లీ. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పట్టే మనిషితో రోజంతా ఉంటే ఎవరికైనా అరుపు వస్తుంది. క్లాసు జరిగేంతసేపు ఆయన మా బాధ్యత. మీరు మార్కెట్‌కి వెళ్ళండి, పైడితల్లి గుడికి వెళ్ళండి, వరండాలో కునుకు తియ్యండి. ఊరికే ఏడ్చి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. వారంలో ఒక పూట ఆయన్ని చూసుకునే పని తమ్ముడికో మరిదికో అప్పజెప్పండి, ‘వాళ్ళకి చేతకాదు’ అని మీరే అనేస్తే ఎప్పటికీ చేతకాదు.

## కాగితాలు, డబ్బు

ఫీజు ఎంత?

లేదు. టీ డబ్బులు డబ్బాలో వేస్తే వెయ్యండి.

దీనికి సదరం సర్టిఫికెట్, పింఛను వస్తాయా?

2016 వికలాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్ కూడా ఉంది, ఈ సంగతి తెలియక చాలామంది అడగడమే మానేశారు. సచివాలయంలోనో మీసేవలోనో సదరం స్లాట్ బుక్ చేసుకుని, న్యూరో డాక్టరు కాగితాలన్నీ పట్టుకుని వెళ్ళాలి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే పింఛనుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2024 జూలై నుంచి దివ్యాంగులకి నెలకి 6,000, పూర్తిగా మంచాన పడినవాళ్ళకి 15,000 రూపాయలు. ఆదాయం, రేషన్ కార్డు లాంటి షరతులున్నాయి. డాక్టర్ల ముందు కూర్చున్నప్పుడు మనవాళ్ళు మొహమాటానికి ‘బాగానే ఉన్నానండీ’ అంటారు. ఆఫ్‌లో ఎలా ఉంటారో కూడా చెప్పాలి.

మెదడు ఆపరేషన్ చేయించమంటున్నారు, చేయిస్తే క్లాసు అక్కర్లేదా?

డీబీఎస్ అంటే మెదడులో సన్నని తీగలు పెట్టి, ఛాతీలో ఒక పరికరం అమర్చడం. హైదరాబాద్ నిమ్స్‌లో చేస్తారు. లెవోడోపాకి బాగా స్పందిస్తూ, ఆన్-ఆఫ్‌లతోనో మెలికలతోనో అవస్థ పడేవాళ్ళకే అది సరిపోతుంది, అందరికీ కాదు. చేయించుకున్నా కసరత్తు కావాలి.

## మీ ఊళ్ళోనూ మొదలుపెట్టాలనుకుంటే

మా పాలకొండలో ఇలాంటిది పెట్టుకోవాలంటే ఏం కావాలి?

ఈ జబ్బు తెలిసిన ఒక ఫిజియో, తప్పెట కొట్టి తాళం వెయ్యగల ఒక మనిషి, నాలుగైదు కుటుంబాలు. ముంబైలోని పార్కిన్సన్స్ డిసీజ్ అండ్ మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ 2001 నుంచి ఇలాంటి బృందాల్ని నడుపుతోంది, వాళ్ళనీ అడగొచ్చు. ఏప్రిల్ 11 ప్రపంచ పార్కిన్సన్స్ దినం కదా, ఆ రోజే మొదలుపెడదామని అందరూ సరదా పడతారు. మన ఎండలకి ఏప్రిల్ పనికిరాదు, కార్తీకంలో మొదలుపెట్టండి. హాలు చూడటానికి వెళ్ళినప్పుడు ముందు బాత్‌రూమ్ చూడండి: మెట్టు ఉందా, నేల జారుతోందా, వెస్ట్రన్ సీటు ఉందా, పట్టుకోవడానికి గోడకి కడ్డీ బిగించనిస్తారా. ఆ తరవాత కుర్చీలు, చేతులున్నవే కావాలి, ప్లాస్టిక్‌వి లేచేటప్పుడు వెనక్కి జారతాయి కాబట్టి గోడకి ఆనించి వెయ్యండి.